దుప్పట్లక్క గాలి లెక్క

దుప్పట్లక్కకు నోరు జాస్తి. ఆ ఆసుపత్రిలో గేటు కాపలావాణ్ణి అడిగినా, పెద్ద డాక్టరునడిగినా ఈ మాటే చెబుతారు. పదకొండేళ్లుగా అరవై మంచాల దుప్పట్లు ఉతికి ఆరేసే మనిషి. చేతులకెంత పనో నోటికీ అంతే పని. ఆమెకు సరిజోడు పెద్ద నర్సమ్మ ఒక్కతే. ఆవిడ నోరు విప్పదు, మెమో రాస్తుంది.

తగువంతా సున్నం బట్టీ వల్ల వచ్చింది. ఆసుపత్రికి పడమటి పక్క బట్టీ, దాని పొడుగాటి పొగగొట్టం. గాలి అటునుంచి తిరిగిందా, ఆరేసిన దుప్పట్ల నిండా తెల్లటి పొడే. పెద్ద నర్సమ్మ వేలితో రాసి చూసి, "దుప్పట్లు మురికి" అని మెమో చేతిలో పెట్టేది.

"గాలి నా చెప్పుచేతల్లో ఉందా అమ్మా? పోనీ మీరో మెమో ఇచ్చి చూడండి, వింటుందేమో!" అనేది దుప్పట్లక్క.

వట్టి మాటలకు విలువేముంది? అందుకని ఉతికే గదిలోని గోడ క్యాలెండరు మీద రోజూ నీలం పెన్సిలుతో గుర్తు పెట్టడం మొదలెట్టింది. బట్టీ గాలైతే సున్నా. ఆసుపత్రి పక్కన పారే కాలువ వెంబడి ఉత్తరం నుంచో దక్షిణం నుంచో వీస్తే నిలువుగీత. తూర్పున కొండ అడ్డం, అటునుంచి గాలే రాదు. ఏడాది తిరిగినా పాత క్యాలెండరు తీసేది కాదు. కొత్తది దాని మీదే, అదే మేకుకు తగిలించేది. రోగులకు సెలవుల్లేవు గనక దుప్పట్లకూ లేవు, గీతలకూ లేవు.

ఆ ఆసుపత్రి నుంచి పట్నం పోవాలంటే కొండదారిలో మూడు గంటలు. ఆరేళ్ల కిందట దుప్పట్లక్క చెల్లెలు కాన్పు కష్టమై, ఆ దారి సగంలో, వ్యానులో, అక్క ఒళ్లోనే పోయింది. అందుకే బట్టలారేసే మైదానంలో హెలికాప్టరు దిగే చోటు కడతారని తెలిసినప్పుడు, ఆమె యుద్ధానికొస్తుందనుకున్న వాళ్లంతా నోరెళ్లబెట్టారు.

"తీగలు పీకేయండి. దుప్పట్లు డాబా మీద ఆరేసుకుంటా. హెలికాప్టరు మాత్రం రావాల్సిందే," అంది.

కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలిగా! ప్లానింగ్ ఆఫీసరు పటం పట్టుకుని మైదానానికొచ్చాడు. హెలికాప్టరు గాలికి ఎదురుగా దిగాలి, ఎదురుగానే లేవాలి. పటంలో గాలి తూర్పు పడమరలుగా ఉంది. అంటే దారి సరిగ్గా పొగగొట్టం మీదుగా పోతుంది. ఆ దారిలో అంత ఎత్తు కట్టడం ఉంటే అనుమతి ఇవ్వకూడదని రూలు. ఇవాళ కాదంటే మళ్లీ మూడేళ్ల దాకా అర్జీ పెట్టే వీల్లేదు.

"ఈ గాలి ఎక్కడిది సార్?" దుప్పట్లక్క ముందుకొచ్చింది.

"పట్నంలో కొలిచిందమ్మా."

"పట్నం గాలి తెచ్చి మా నెత్తిన రుద్దుతారా? ఇక్కడ గాలి ఏడాదిలో ముప్పాతిక వంతు రోజులు కాలువ వెంబడే వీస్తుంది!"

"మీ నోటి మాట చెల్లదు. ఈ చోటనే రోజూ రాసిపెట్టిన లెక్క మూడేళ్లది చూపిస్తే ఒప్పుకోమని రూల్లో ఉంది. ఉందా?"

ఆమె పరుగున వెళ్లి క్యాలెండర్ల కట్టను గుండెలకు హత్తుకుని వచ్చింది. తొందరలో మేకు కూడా ఊడి వచ్చింది.

"మూడేళ్లేం ఖర్మ సార్, పదకొండేళ్లు తీసుకోండి!"

ఆఫీసరు పేజీలు తిప్పాడు. "ఇవన్నీ మొన్ననే కూర్చుని గీయలేదని నమ్మకమేంటి?"

దుప్పట్లక్క నోట మాట రాలేదు. పదకొండేళ్లలో అదే మొదటిసారి. పెద్ద నర్సమ్మ చరచరా లోపలికి వెళ్లిపోయింది. తీరా పనిపడ్డప్పుడు మొహం చాటేసిందని దుప్పట్లక్క కుమిలిపోయింది.

పెద్ద నర్సమ్మ లావుపాటి ఫైలుతో తిరిగొచ్చింది. అన్నీ మెమోల నకళ్లు, రెండొందల పదకొండు. "నేను తేదీలు చదువుతా, మీరు చూసుకోండి సార్," అంది.

చదివిన ప్రతి తేదీకీ క్యాలెండరులో సున్నా ఉంది. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

"ఇన్నేళ్లూ ఈ మనిషి మీద మెమోలు రాసింది నేనే. గాలి గురించి ఈమె ఒక్క అబద్ధం ఆడలేదు," అంది పెద్ద నర్సమ్మ.

ఆఫీసరు వేలు ఒక గడి దగ్గర ఆగింది. "ఇదొక్కటి ఖాళీగా ఉందేం?"

"ఆ రోజు నేనిక్కడ లేను సార్. మా చెల్లితో వ్యానులో ఉన్నా."

ఆయన కట్టను జాగ్రత్తగా మూసి ఆమె చేతికిచ్చాడు. తర్వాత పటం నేలమీద పరిచి, కాలువ వెంబడి ఉత్తర దక్షిణాలుగా కొత్త దారి గీసి, కింద సంతకం పెట్టాడు. రోజువారీ గాలి లెక్క రాయాల్సిన ఉద్యోగి అన్న చోట దుప్పట్లక్క పేరే రాశాడు. ఆ కబురు ఆమె ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పిందో అడక్కండి!

ఆ మరుసటేడు ఒక మధ్యాహ్నం, కాన్పు కష్టమైన పిల్లను ఎక్కించుకుని హెలికాప్టరు కాలువ మీదుగా లేచింది. ఇరవై నిమిషాల్లో పట్నం చేరింది. ఇక్కడ డాబా మీద అరవై దుప్పట్లూ దుమ్ము కొట్టుకుపోయాయి.

సాయంత్రం పెద్ద నర్సమ్మ కాగితం పట్టుకుని డాబా ఎక్కింది.

"హెలికాప్టరు గాలమ్మా, నన్నేం చెయ్యమంటారు?" అని దుప్పట్లక్క గయ్యిమంది.

"అరవకు. ముందు చదువు."

మెమోలో ఇలా ఉంది: "దుప్పట్లు మురికి. కారణం: తల్లీ బిడ్డా క్షేమం."

దుప్పట్లక్క దుమ్ము దుప్పటిలో మొహం దాచుకుని బావురుమంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇలాంటివి రోజుకొకటి ఇవ్వండమ్మా, ఉతుక్కుంటా," అంది.