పెట్టెలో పాము గుడ్లు

చెరకు కూలికి వచ్చిన ఫిజీలో మాకు ఒక్క పుట్టా కనబడలేదు. అందుకని నాగుల చవితికి పాలు పోయడానికి మా ఆయన చెరకుతోటలో ఒక పామును పట్టి చెక్కపెట్టెలో పెంచాడు. రెండేళ్లు అది ఒంటరిగానే ఉంది. ఒకరోజు పొద్దున చూస్తే దాని పక్కన పసుపుపచ్చగా, మెత్తగా, పెంకులేని గుడ్లు.

"మగతోడు లేని పాముకి పిల్లలెక్కడివే, పారెయ్" అన్నాడు ఆయన.

నోరు ముయ్యమన్నాను. బిడ్డ పోయిన నాకు నాగదేవత ఇచ్చిన వరమనుకున్నాను. బిడ్డకి ఉయ్యాల కట్టిన చీర తెచ్చి వాటి మీద కప్పాను. మేముండే కూలీ లైను ముందు నిలబడి, పనికి తోలే సర్దారు ఎంత తిట్టినా మూడు రోజులు పనికి వెళ్లలేదు, వాటి దగ్గరే కూర్చున్నాను. నాలుగో రోజుకి కుళ్లిపోయాయి.

ఆఖరి రోజు నా బిడ్డ ఒళ్లు జ్వరంతో కాలిపోతుంటే మాత్రం, ఆ సర్దారు ఒక్క కేకకే లేచి పనికి పోయాను.