పెండ్లికొడుకు గుర్రం మీద కూర్చోవడం నేర్చుకున్న రోజులు

పత్రికలో పని మానేశాక కూడా తెల్లవారుజామున మెలకువ రావడం మానలేదు. గిద్దలూరులో మా ఇంటి నుంచి సగిలేటి ఇసుక దాకా నడిచి వెనక్కి రావడం అలవాటు చేసుకున్నాను. ఏట్లో నీళ్ళు ఉండే నెలలు తక్కువ. మిగతా రోజుల్లో ఇసుక మీద గొర్రెలు, క్రికెట్ ఆడే పిల్లలు, ట్రాక్టర్ల చక్రాల గుర్తులు ఉంటాయి. ఒక ఉదయం అక్కడ గుర్రం కనబడింది. దాని మీద ఒక యువకుడు చలికి ముడుచుకున్నట్టు కూర్చుని ఉన్నాడు. అప్పటికి చలి లేదు.

గుర్రాన్ని పొడవాటి తాడుతో పట్టుకుని మధ్యలో నిలబడ్డ మనిషిని నేనెరుగుదును. ఒకప్పుడు మార్కాపురంలో స్టేషనుకూ ఊరికీ మధ్య జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక బండి అమ్మేసి, గిద్దలూరులో కూతురి దగ్గరికి చేరి, ఒక ఆడగుర్రాన్ని పెండ్లి ఊరేగింపులకు తిప్పుతున్నాడు. చిన్నా పెద్దా అందరికీ జట్కా మామే.

"దాని చెవులేంది అట్ల చూస్తున్నావు? రెండే ఉండాయి. నేను లెక్కబెట్టినా," అంటున్నాడు మామ.

"చూడకపోతే పడిపోతా మామా."

"కిందికి చూస్తే కిందికే పోతావు. ఎదురుగా చూడు."

అతను ఎదురుగా చూశాడు. రెండు అడుగులయ్యాక చూపు మళ్ళీ చెవుల మీదికి వచ్చింది. గుర్రం తల ఎగరేసి పక్కకు అడుగులేసింది. అతను పగ్గాలు పొట్టలోకి గుంజుకున్నాడు. అది ఇంకా ఎగరేసింది.

కాసేపటికి దిగి, ఇసుకలో కూర్చుని నీళ్ళు తాగుతూ సంగతి చెప్పాడు. జేసీబీ డ్రైవరు. గిద్దలూరికి దగ్గర్లోని ఒక పల్లె, అందులో చర్చి ఉండే వీధి వాళ్ళది. తల్లీతండ్రీ ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు, తండ్రి ఇప్పుడు లేడు. పది రోజుల్లో పెండ్లి. వాళ్ళ ఇంటి నుంచి చర్చికి రెండు నిమిషాల నడక. కానీ అతను ఊరు చుట్టి, రైతుల ఇళ్ళుండే పెద్ద వీధి గుండా, గుర్రం మీద చర్చికి పోవాలనుకున్నాడు. వాళ్ళ వీధి నుంచి అంతవరకు ఎవరూ అలా పోలేదు.

"ఎవరన్నా వద్దన్నారా?" అని అడిగాను.

"ఎవురూ ఏమనలేదు సార్. అడిగితే కదా అనేది." సీసా మూత బిగించాడు. "నడిచి పోతే ఎవురికీ గుర్తుండదు. గుర్రమెక్కి ఆ వీధిలో పడితే మాత్రం నా మనవళ్ళకు గూడా చెప్తారు."

జట్కా మామ ఒక షరతు పెట్టాడు. పెండ్లి ముందు రోజుకు కూడా గుర్రం ఇలాగే తల ఎగరేస్తుంటే తీసుకురాడు. డప్పుల మధ్య బెదిరిన గుర్రం ఎవరి మీద కాలు వేస్తుందో చెప్పలేమన్నాడు. అప్పుడు కారే గతి. ఆ మాట మామ కోపంగా ఏమీ అనలేదు. అందుకే గట్టిగా తగిలింది.

ఆ రోజు నుంచి నా నడక ఇసుక దగ్గరే ఆగిపోయేది.

మూడో రోజు మామ తాడు వదిలేసి, తల గోక్కుంటూ నా వైపు చూశాడు. "సారూ, నువ్వొకసారి ఎక్కు. ఎవురి తప్పో తేల్తాది."

ఈ వయసులో వద్దన్నాను. గుర్రానికి వయసుతో పని లేదన్నాడు. ఇద్దరూ కలిసి నన్ను పైకి ఎత్తారు. జీను మీద కూర్చోగానే నా మోకాళ్ళు వాటంతటవే లోపలికి నొక్కుకున్నాయి. వార్తల కోసం ఏళ్ళ తరబడి మోటారు సైకిలు తొక్కినవాణ్ణి. పెట్రోలు ట్యాంకును మోకాళ్ళతో ఒత్తిపట్టడం అలవాటు. నాలుగడుగులు వేసిందో లేదో గుర్రం తల ఎగరేసింది. నేను బ్రేకు పట్టినట్టు పగ్గాలు పట్టాను.

"చాలు, దిగు," అన్నాడు మామ. "నువ్వు మోటరు సైకిలు తోలుతున్నావు. వీడు జేసీబీ తోలుతున్నాడు. గుర్రాన్ని ఎవురూ తోల్లేదు."

తర్వాత పెండ్లికొడుకుకు అతను చెప్పింది నాకు బాగా గుర్తుంది. "నీ చేతులు రెండూ ఆగమంటున్నాయి. మడమలు రెండూ పొట్టలో పొడిచి నడవమంటున్నాయి. అది ఎవురి మాట వినాల?"

ఆ మాటతో చేతుల నుంచి పగ్గాలు తీసేశారు. రెండు రోజులు చేతులు తొడల మీద పెట్టుకుని, రికాబుల్లో కాళ్ళు పెట్టకుండా, తాడు చివర గుండ్రంగా తిరిగాడు. కాళ్ళు కిందికి వేలాడాలి, నడుము గుర్రం నడకతో పాటు ముందుకూ వెనక్కూ కదలాలి, భుజాలు మాత్రం కదలకూడదు. చెప్పడానికి ఇంతే. అతని నడుము రాయిలా ఉండేది. మామ వెళ్ళి వీపు మీద చరిచేవాడు. చరిచినప్పుడు వదులయ్యేది, చెయ్యి తీయగానే మళ్ళీ బిగుసుకునేది. గుర్రానికి ఈ బిగింపు తొడల్లోంచి తెలుస్తుందట. "ఊపిరి బిగబట్టినావంటే ఏడ్నో పులి కనపడిందనుకుంటాది," అన్నాడు మామ. నల్లమల పక్కన పెరిగినవాళ్ళం కాబట్టి ఆ మాట విడమరిచి చెప్పనవసరం లేకపోయింది.

ఆరో రోజు జరిగింది మేము అనుకుని చేసింది కాదు. నేను గుర్రం పక్కన ఇసుకలో నడుస్తున్నాను. మనుషుల పక్కన ఊరికే నడవడం నాకు చేతకాదు, ఏదో ఒకటి అడుగుతాను. పెండ్లికూతురిది ఏ ఊరన్నాను.

"పామూరు సార్."

"అంత దూరం సంబంధం ఎట్ల కుదిరింది?"

"ఆడ కాలవ పనికి పోయింటి. బస్టాండు కాడ మందుల షాపులో ఉంటాది ఆ పిల్ల. తలనొప్పి మాత్రలకని పోయినా."

"తగ్గిందా?"

"తలనొప్పి ఉంటే గదా సార్."

"ఎన్నిసార్లు పోయినావు?"

"మాత్రలు ఇంట్లో ఇంకా ఉండాయి," అని తనే నవ్వాడు.

ఆ నవ్వుతో పొట్టలో ఊపిరంతా బయటికి వచ్చింది. నడుము జీనులోకి దిగింది, మడమలు కిందికి జారాయి. గుర్రం మెడ చాచి, తల దించి, ముక్కుతో బుర్రుమంది. నేను గమనించలేదు. మామ మధ్యలోంచి చెయ్యి ఎత్తి, "ఆపొద్దు సారూ, మాట్లాడించు. ఇంకా అడుగు," అన్నాడు.

అడిగాను. జేసీబీ మొదట ఎవరు నేర్పారు, జీతంలో మొదట ఏం కొన్నాడు, పెండ్లి భోజనంలో ఏం పెడుతున్నారు. జవాబు చెప్పే మనిషి ఊపిరి బిగబట్టలేడు. తను ఎలా కూర్చున్నాడో తలచుకోవడానికి కూడా అతనికి తీరిక ఉండదు. అంతకాలం సమాచారం కోసమే ప్రశ్నలు వేశాను, అవి మరొకరి నడుముకు పనికొస్తాయని తెలియదు.

మర్నాడు తాడు విప్పి పగ్గాలు చేతికిచ్చారు. టీ గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకోమన్నాడు మామ, ఒలక్కుండా, వేలు కాలకుండా. ఎటు పోవాలో అటు చూస్తే చాలన్నాడు. చూపుతో పాటు భుజాలు తిరుగుతాయి, తుంటి తిరుగుతుంది, గుర్రం దాన్నే మాటగా తీసుకుంటుంది. జేసీబీ మనిషికి ఇది నమ్మబుద్ధి కాలేదు. లివరు లాగకుండా బండి ఎట్లా తిరుగుతుందన్నాడు. తిరిగింది. రెండోసారి తిరిగినప్పుడు నాకేసి చూసి, నేనేమీ చేయలేదని ప్రమాణం చేస్తున్నట్టు తలూపాడు.

ఎనిమిదో రోజు వాళ్ళమ్మ వచ్చింది. పనికి పోయే దారిలో, క్యారియరు చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడింది. కొడుకు ఆమెను చూశాడు. గుర్రం ఆమె వైపు నడిచి, గట్టు కింద నిలబడింది.

"నా మీదికి ఎందుకు తోలినావు రా?" అంది.

"నేను తోల్లేదు మా. నిన్ను చూసినా అంతే."

ఆమె గుర్రాన్ని కాకుండా నన్ను అడిగింది. "మీరన్నా చెప్పండి సార్. కారు మాట్లాడదామంటే వినడు. మా అత్త ఆ వీధిలో చెప్పులు చేత్తో పట్టుకోని నడిచేది. నేను కాళ్ళకేసుకోనే నడుస్తున్నా. అది చాలదా?"

కొడుకే జవాబిచ్చాడు. "ఒక్క రోజే మా." ఆమె క్యారియరు చెయ్యి మార్చుకుని పనికి పోయింది.

పెండ్లి ముందు రోజు మామ రెండు డప్పులు తెప్పించి ఇసుకలో కొట్టించాడు. గుర్రం చెవులు తిప్పింది, తల ఎగరేయలేదు. వస్తానన్నాడు.

పెండ్లి ఉదయంపూట. కోటు, పూలదండ వేసుకుని పెండ్లికొడుకు ఇంటి ముందు గుర్రమెక్కాడు. దారి పొడుగునా నేను పక్కన నడిచి మాట్లాడించాలని అనుకున్నాం. డప్పులు మొదలైన కొద్దిసేపటికే ఆడుతున్న కుర్రవాళ్ళు నన్ను మెల్లగా వెనక్కి నెట్టేశారు. పెద్ద వీధి మలుపు తిరిగేసరికి నాకు అతని వీపు మాత్రమే కనబడుతోంది. కుడిపక్కన వాళ్ళమ్మ నడుస్తోంది.

వీధి మధ్యలో ట్రాక్టరు ట్రక్కుతో సహా అడ్డంగా నిలిపి ఉంది. కంది మూటలు దించుతున్నారు. కావాలని పెట్టిందో, పని మీద పెట్టిందో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. దాని యజమాని అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. డప్పులు వాటంతటవే ఆగాయి. పెండ్లికొడుకు భుజాలు పైకి లేచాయి. గుర్రం తల ఎత్తి, ఒక అడుగు వెనక్కి వేసింది, ఇంకో అడుగు వేసింది. కళ్ళెం దగ్గర నడుస్తున్న మామ చెయ్యి వేయలేదు. వేస్తే ఇంకా బెదురుతుందని అతనికి తెలుసు.

నేను ముందుకు పోదామని చూశాను, సందు లేదు. అప్పుడు వాళ్ళమ్మ గొంతు వినబడింది.

"బీరువా బీగాలు ఏడ పెట్టినావు రా?"

"ఏందీ?"

"బీగాలు. కోడలి చీర అందులో ఉండాది."

"టీవీ కింద పెట్టినా."

"లేవు. చూసినా."

"అయితే నిన్నటి ప్యాంటులో ఉంటాయి."

"ఏ ప్యాంటు?"

"నల్లది మా. మంచం మీద పడేసినా."

"మంచం మీద నాలుగు ఉండాయి, నాలుగూ నల్లవే."

అరుగుల మీద ఎవరో నవ్వారు. వీధి మొత్తం ఆ ప్యాంటు సంగతి వింటోంది. పెండ్లికొడుకు విసుగ్గా, ఎడమ జేబు చినిగినదాన్ని చూడమని, గుర్రం మీది నుంచి కిందికి వంగకుండా, ఎదురుగా చూస్తూనే చెబుతున్నాడు. అతని భుజాలు దిగాయి. గుర్రం తల దించి, నిలబడ్డచోటే నిలబడింది.

ట్రాక్టరు యజమాని లేచాడు. పంచె సర్దుకుని, ఎక్కి, ఇంజను వేశాడు. ఆ చప్పుడుకు కుర్రవాళ్ళే పక్కకు జరిగారు. గుర్రం చెవి ఒకటి అటు తిప్పిందంతే. ట్రాక్టరు ఇంటి పక్కకు తప్పుకుంది. మళ్ళీ డప్పులు మొదలయ్యాయి. పెండ్లికొడుకు వీధి చివరి దాకా చూశాడు, గుర్రం నడిచింది.

తర్వాత వాళ్ళమ్మను అడిగాను, గుర్రం కోసమే అడిగావా అని. "బీగాలు నిజంగానే కనపల్లేదు సార్," అంది.

చర్చిలో ప్రార్థన జరుగుతుండగా నేనూ జట్కా మామా బయట చింతచెట్టు నీడలో గుర్రంతో నిలబడ్డాం. మామ జీను పట్టీ వదులు చేస్తున్నాడు. ట్రాక్టరు యజమాని మోటారు సైకిలు మీద వచ్చి ఆగాడు. దిగలేదు. గుర్రాన్ని కాసేపు చూశాడు.

"మాఘంలో మా వాని పెండ్లి పెట్టుకున్నాం. ఈ గుర్రమే వస్తాదా?"

"ఇదే వస్తాది," అన్నాడు మామ పట్టీ మీది నుంచి తల ఎత్తకుండా. "పెండ్లికొడుకును మాత్రం పది రోజులు ముందుగా ఏటి ఇసుకలోకి పంపియ్యి."