తాతయ్య ముక్క ప్లీడరు, నేను జడ్జి

నా ఆఫీసు గదిలో మామూలుగా మూడు వాసనలుంటాయి. జిరాక్సు కాగితానిది ఒకటి, పాత చట్టం పుస్తకాల అట్టలకు పూసిన మైదా జిగురుది ఇంకొకటి, మధ్యాహ్నం దాకా మూత తీయనని రోజూ ఒట్టు పెట్టుకుని పదకొండింటికే తీసేసే నా క్యారియరుది మూడోది. ఈ ఉదయం వాటిని మూడింటినీ పక్కకు జరిపి నాలుగో వాసన ఒకటి దర్జాగా వచ్చి కూర్చుంది. బల్ల మీద పాత పేపరులో చుట్టి, అరటినారతో కట్టిన తేగల కట్ట. అప్పుడే కుండలోంచి దించినట్టున్నాయి, పేపరు చెమ్మగిల్లి నిన్నటి వార్తలు తేగల ఒంటి మీదికి దిగుతున్నాయి. ఇసుక, పొగ, కాస్త తీపి, కాస్త చేదు కలిసిన ఆ వాసన తగలగానే నాలో ఉన్న నలభై దాటిన లాయరు లేచి పక్కకు తప్పుకుంది, తొమ్మిదేళ్ల జడ్జి వచ్చి సీటులో కూర్చుంది.

నేను తొమ్మిదేళ్లకే జడ్జినయ్యాను. ఆ తర్వాత ప్రమోషను రాలేదు, లాయరునయ్యాను.

మాది బోగోలు. సముద్రం మా ఇంటికి కనిపించదు గానీ, గాలి తూర్పు నుంచి వీచిన రోజు ఆరేసిన దుప్పట్లు నాలుకకు ఉప్పగా తగిలేవి (దుప్పటి నాకి చూసే పిల్లనని అర్థమైంది కదా). మా అమ్మ వేరే ఊళ్లో టీచరు, అందుకని సెలవులకు కాదు, బడి రోజులకే నన్ను ఇక్కడ అమ్మమ్మ ఇంట్లో వదిలింది. అమ్మమ్మను మేం అవ్వ అనేవాళ్లం. తాతయ్య దేవసహాయం గారు ప్లీడరు. నేను పుట్టకముందే గొంతుకు జరిగిన ఆపరేషనుతో ఆయన మాట గుసగుసగా మిగిలింది. ఆదివారం చర్చిలో కీర్తన పాడేటప్పుడు ఆయన పెదవులు కదిలేవి, పక్కన నిలబడి అవ్వ ఇద్దరి వాటా తనే పాడేది. ప్లీడరుకు గొంతు పోవడమంటే మాటలా? మాటలు కావు, అదే బాధ. కోర్టుకు పోవడం మానేసి తాతయ్య ఇంటి వసారాలో బల్ల వేసుకున్నారు, వేసుకున్న కొన్నాళ్లకే ఆయనకు 'ముక్క ప్లీడరు' అని పేరొచ్చింది.

ఆ పేరు ఎందుకొచ్చిందంటే, ఆయన కేసు మొత్తం పట్టేవారు కాదు, ఒక ముక్కే పట్టేవారు. మొదటి నుంచి చివరి దాకా ప్లీడరును పెట్టుకునే శక్తి లేనివాళ్లు, తమ కేసు తామే చెప్పుకోవాల్సిన వాళ్లు, కాగితం పట్టుకుని వస్తే, ముందు గోడకు తగిలించిన నల్ల పలక తీసి నిలువుగా ఒక గీత గీసేవారు. గీతకు ఎడమవైపు 'నా పని', కుడివైపు 'నీ పని'. నోటీసుకు జవాబు రాయడం నా పని, పోస్టులో వేసి రసీదు దాచుకోవడం నీ పని. కాగితాలు చదివి అందులో ఏముందో చెప్పడం నా పని, కోర్టులో లేచి నిలబడి చెప్పడం నీ పని. ఆ ముక్కకు ఫీజు ఎంతో ముందే చెప్పేవారు, ఇవ్వలేనివాళ్లు మునక్కాయలు తెచ్చేవారు. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు మునక్కాయ పులుసు. చట్టం అంటే నాకు ఇప్పటికీ మునక్కాయ రుచే, నమలడమే ఎక్కువ, మింగేది తక్కువ.

ఆ ఏడు క్రిస్మస్ ముందరి చలికాలం. వానలు వెనకపట్టి, ఆకాశం కడిగిన స్టీలు పళ్లెంలా ఉండేది. వసారా చూరుకు వెదురుబద్దలతో, రంగు కాగితంతో కట్టిన నక్షత్రం వేలాడేది, అవ్వ గులాబి పూల అచ్చును నూనెలో ముంచి తీస్తుంటే ఇల్లంతా కొబ్బరిపాలు, యాలకులు, మాడిన నూనె కలిసిన కమ్మదనం తిరిగేది, మొదటి వాయి ఎప్పుడూ అచ్చుకే అంటుకుపోయేది, ఆ విరిగిన రేకులు నావీ, మా పిన్ని కొడుకు శామ్యూలువీ. పండగ పాటల వాళ్లు వచ్చే వేళకు మా ఇద్దరి గొంతులూ నూనె పట్టి ఉండేవి. అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున సముద్రం ఒడ్డు పాలెం నుంచి పోలమ్మ వచ్చింది. తల మీద గంప, చేతిలో పాలిథిన్ కవరు, కవరులో కోర్టు సమన్లు.

పోలమ్మ చేపలమ్మే మనిషి. ఆమె గొంతు అలల హోరును దాటి రెండో వీధికి వినపడేది, మా వీధిలో పిల్లులకు అదే గడియారం. ఒడ్డున ఇసుక దిబ్బ మీద వాళ్ల అత్త కాలం నుంచి నెత్తళ్లు, అవే వేలెడంత చేపలు, ఎండబెట్టుకుంటోంది. దిబ్బకు పడమట కొత్తగా భూమి కొని రొయ్యల గుంటలు తవ్విన ఆసామి, దిబ్బ కూడా తనదేనని, ఆమె అందులో కాలు పెట్టకుండా ఉత్తర్వు ఇమ్మని దావా వేశాడు.

"ఆ దిబ్బ బోతే నెత్తళ్లు యాడ ఎండేసుకునేదయ్యా, నా నెత్తినా?" అంది పోలమ్మ గంప దించుతూ. నవ్వుతూనే అంది గానీ, కొంగుతో మొహం తుడుచుకోవడం ఆపలేదు. ఇద్దరు ఆడపిల్లలు, సముద్రం మీదికి పోయి తిరిగి రాని మొగుడు, ఆ ఇసుక మీద ఎండే నెత్తళ్లే వాళ్ల అన్నం. "మొత్తం మీరే చూసి పెట్టరాదా?"

తాతయ్య గుసగుసగా అడిగారు. "పోలమ్మా, వంజరం ఎట్టా అమ్ముతావు?"

"ముక్కలు కోసి."

"చేప మొత్తం కొనలేనోళ్లని పొమ్మంటావా?"

"ఎందుకు పొమ్మంటా, రెండు ముక్కలు కోసిస్తా."

"నేనూ అంతే. రాసే ముక్క నాది, చెప్పే ముక్క నీది."

"మరి తల ఎవరికి?"

"తలనొప్పి ఇద్దరికీ," అన్నారు తాతయ్య, పలక మీద గీత గీస్తూ.

రెండు రోజులు భూతద్దం పెట్టుకుని ఆ కాగితాలన్నీ చదివి ఆయన ఒక చోట ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టారు. ఆసామి కోర్టులో పెట్టిన తన కొనుగోలు దస్తావేజులోనే తూర్పు హద్దు దగ్గర 'చేపలు ఎండేసే దిబ్బ' అని రాసి ఉంది. దిబ్బ హద్దయినప్పుడు, అది ఆయన భూమిలో ఎట్లా ఉంటుంది? అదే చూపిస్తూ దావాకు జవాబుగా కౌంటరు రాసి దాఖలు చేయించారు. తన పని అయిపోయింది. ఇక మిగిలింది పోలమ్మ పని, జనవరి వాయిదాకు ఆమె లేచి నిలబడి మూడు మాటలు చెప్పాలి. ఎన్నేళ్లుగా ఎండేస్తున్నామో ఒకటి, పంచాయతీ రసీదులు రెండు, తూర్పు హద్దు మూడు. చదువు రాదు కాబట్టి వల దారం తెంపి మూడు ముళ్లు వేసి మణికట్టుకు కట్టుకుంది.

చెప్పడం నేర్పడానికి మా పెరట్లో కోర్టు పెట్టారు. బియ్యం డబ్బా మీద ఎక్కి కూర్చున్న జడ్జిని నేను, సుత్తి బదులు పప్పుగుత్తి. తాతయ్య పాత నల్ల కోటు మోకాళ్ల దాకా వేలాడేసుకుని శామ్యూలు ఎదుటి ప్లీడరు. వంటింటి గుమ్మంలోంచి "పోలమ్మా, పోలమ్మా, పోలమ్మా" అని మూడుసార్లు పిలిచే అటెండరు అవ్వ, పులుసు పొంగితే నాలుగోసారి కూడా పిలిచేది. మొదటి రోజు పోలమ్మ పిలవగానే వచ్చి నేల మీద చతికిలబడింది. పాలెం పెద్దల ముందు కూర్చుని మాట్లాడటమే మర్యాద. లేవమంటే లేచి "పాపా" అంది. జడ్జిని పాపా అనకూడదని తాతయ్య దిద్దారు. ఆ తర్వాత పన్నెండు రోజుల పాటు నేను గౌను వేసుకున్న 'అయ్య'ను.

ఇక్కడే నా చరిత్రలో చీకటి అధ్యాయం. పోలమ్మ ఇంటి పక్క తాటితోపులో తేగల పాతర ఉండేది. రెండో రోజు ఆమె ఒక కట్ట తెచ్చి పిల్లలకని నా ముందు పెట్టింది. పైతోలు ఒలిచి, నిలువునా చీల్చి, పీచు పళ్ల సందుల్లో ఇరుక్కుంటుండగా నమిలి, మధ్యలో దాగిన తెల్లని మెత్తని చందమామను చివరికి దాచుకుని తినే ఆ సుఖంలో నేను పప్పుగుత్తి కొట్టి, "తేగలు లేనిదే కోర్టు మొదలుకాదు" అని ఉత్తర్వు ఇచ్చాను. ఆమె గెలిస్తే తేగలు ఆగిపోతాయన్న భయం కూడా నాకు ఉండేది. అందుకని ఆమె ఎంత బాగా చెప్పినా, "చాల్లేదు, రేపు మళ్లీ రా," అని కొట్టేసేదాన్ని. శామ్యూలు మాత్రం మనసున్న ప్రతిపక్షం. నాలుగో రోజుకే, "ఇంక గెలిపించరాదా మే, పాపం," అన్నాడు. వాడి వాటా చందమామ వాడికి ఇచ్చి నోరు మూయించాను.

వాయిదా రోజు బడికి పోనవసరం లేదని జడ్జి హోదాలో నాకు నేనే ఉత్తర్వు ఇచ్చుకుని తాతయ్యతో బస్సెక్కాను. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాం. అటెండరు మూడుసార్లు పిలిచాడు. పోలమ్మ వెళ్లింది, నేల మీద కూర్చోలేదు, పేరు చెప్పింది, నా కేసు నేనే చెప్పుకుంటానయ్యా అంది. తాతయ్య తల ఊపారు. అప్పుడు ఆమె సంచిలో చెయ్యి పెట్టి, అరటినారతో కట్టిన కట్ట తీసి, జడ్జిగారి ముందున్న బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

హాలంతా తేగల వాసన. ఆసామి తరపు ప్లీడరు లేచాడు. ఇది కోర్టును ప్రలోభపెట్టడమేననీ, రికార్డు చేయాలనీ అన్నాడు. పోలమ్మకు ఆ మాట అర్థం కాలేదు గానీ ఆ గొంతు అర్థమైంది. మణికట్టు మీద ముళ్లను తడుముకుంటూ ఉండిపోయింది. తాతయ్య లేచి ఏదో అనబోయారు. ఆ గుసగుస ముందు బెంచీ దాకా కూడా పోలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయారు. పన్నెండు రోజులు నేను తిన్న తేగల కట్టలను రెండో చేతి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

జడ్జిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏమ్మా, ఇదేంటి?"

"తేగలయ్యా."

"కనపడుతోంది. ఎందుకు పెట్టావు?"

"జడ్జిగారు తింటేగానీ మొదలెట్టరు గదయ్యా."

"ఏ జడ్జి?"

ఆమె వెనక్కి తిరిగి నేరుగా నా వైపు వేలు చూపించింది. "అదో, ఆ గౌనేసుకున్న అయ్య. మా ప్లీడరయ్య ఇంట్లో నేర్చుకున్నాం."

హాలు హాలంతా తిరిగి నన్ను చూసింది. నేను తాతయ్య చొక్కా వెనక దాక్కున్నాను, కానీ అది చాలా పలచటి చొక్కా. జడ్జిగారు నవ్వలేదు, నవ్వకుండా ఉండటానికి కాగితాలు సర్దుకున్నారు.

"ఆ జడ్జిగారు నీకు ఏం తీర్పిచ్చారు?"

"యాడయ్యా. ఒక్క దినమన్నా గెలిపించలేదు. పన్నెండు దినాలు ఓడిపోయినా."

"ఓడిపోతూ మళ్లీ ఎందుకు పోయినావు?"

"ఓడిన దినానికి ఒక మాట నిక్కచ్చిగా చెప్పడం వచ్చినాది గదయ్యా."

"అయితే ఆ కట్ట తీసి వాళ్లకే ఇచ్చేయి. ఇక్కడ ఏమీ పెట్టక్కర్లేదు," అన్నారాయన. "ఆ నిక్కచ్చి మాటలు చెప్పు."

పోలమ్మ మొదటి ముడి పట్టుకుంది. ఆ గొంతు, మా వీధిలో పిల్లులను లేపే గొంతు, మెల్లగా మొదలై హాలు చివర దాకా నిండింది. అత్త కాలం, తన కాలం. రెండో ముడి, పాలిథిన్ కవరులోంచి రసీదులు. మూడో ముడి దగ్గర ఆమె ఆసామి ప్లీడరు వైపే తిరిగి, "మీ కాగితంలోనే చూడండయ్యా, మూడో పేజీ, తూరుపు హద్దు, ఏమి రాసుండాదో చదివి చెప్పండి, నాకు చదువు రాదు," అంది. ఆయన చదవక తప్పలేదు. గొంతు లేని మా తాతయ్య మాటలు అంత గట్టిగా వినిపించడం నాకు అదే మొదటిసారి. ఆయన కళ్లు మూసుకుని, చర్చిలో లాగే పెదవులు కదుపుతూ ఉన్నారు.

ఉత్తర్వు ఆసామికి రాలేదు. ఆ తర్వాత దావా కూడా నిలవలేదు, దిబ్బ మీద కంచె పడలేదు. ఆ మధ్యాహ్నం కోర్టు బయట టీ బంకు దగ్గర పోలమ్మ ఆ కట్ట నా చేతిలో పెట్టి, "ఇప్పుడన్నా చెప్పండయ్యా మీ తీర్పు," అంది. అప్పటికే నా నోట్లో ఒక చందమామ ఉంది. చెయ్యి ఊపి వాయిదా వేశాను. తాతయ్య చప్పుడు లేకుండా భుజాలు ఎగిరిపడేలా నవ్వారు. అవ్వ మాత్రం ఇంటికి వచ్చాక నా జడ్జి పదవి ఊడబీకి పప్పుగుత్తి పప్పులోకి తీసుకుపోయింది.

ఇప్పుడు ఆ వసారా లేదు. పాడటానికి ఇద్దరి వాటా ఉన్న అవ్వ లేదు, ఆ వాటా మిగిల్చిన తాతయ్య లేరు. తాటితోపులో సగం రొయ్యల గుంటలయింది, తేగల పాతర వేసేవాళ్లను వెతకాలి. దిబ్బను సముద్రం కొంచెం, రోడ్డు కొంచెం తీసుకున్నాయి, మిగిలిన ముక్క మీద ఇంకా నెత్తళ్లు ఎండుతున్నాయి. పలక ఇల్లు మారేటప్పుడు పగిలింది, నేను తెల్ల కాగితం మీద గీత గీస్తాను. నాకు గొంతుంది, కోర్టుకూ పోతాను, అయినా వారంలో రెండు రోజులు నేనూ ముక్క లాయరునే. జవాబు ఒకరికి రాసిస్తాను, వాయిదాకు ముందు ఇంకొకరితో మూడు మాటలు పలికిస్తాను. శామ్యూలు ఇప్పుడు పాస్టరు. ఇంతమంది పాపాలు విన్నాను గానీ నీ తేగల పాపం అంతటిది వినలేదంటాడు.

ఈ ఉదయం కట్ట తెచ్చింది పోలమ్మ మనవరాలు మంగ. ఆమె చేపల అంగడి ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. కాగితం మీద గీత గీశాం. జవాబు నా పని, బాడుగ రసీదులన్నీ వరుసలో పెట్టడం, అడిగితే నోరు తెరిచి చెప్పడం ఆమె పని. చెప్పడం భయమంది. నేర్చుకుందువు గానిలే అన్నాను, మీ వంశంలో గొంతు ఉంది.

వెళ్లబోతూ ఆగింది. "అక్కా, మా అవ్వ ఒక మాట అడిగి రమ్మన్నాది. ఆమె కేసులో మీ తీర్పు ఏమైనాదని."

ప్రతి చలికాలం ఇదే ప్రశ్న, ఇదే కట్ట. నేను ఒక తేగ ఒలిచి, చీల్చి, చందమామను పక్కన పెట్టుకున్నాను.

"వచ్చే చలికాలానికి వాయిదా వేసినారని చెప్పు."

మంగ ఫోను తీసి చెప్పింది. అవతల నుంచి, ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా గది మొత్తానికి వినపడేలా, ఆ గొంతు వచ్చింది. "అట్నా. అయితే ఇంకో ఏడు బతకాల్సిందే."