థెల్మాకు పూలు

శనివారం వస్తే చాలు, నెవిల్ ఆస్ట్రేలియాలోని బల్లరట్ ఊరి శ్మశానంలో మోకాళ్ల మీద ఉంటాడు. సమాధి రాళ్ల మీది నాచును మెత్తటి బ్రష్‌తో తోమి, అరిగిన అక్షరాల మీదికి అద్దంతో ఎండ మళ్లించి ఫొటో తీస్తాడు. వాటిని పేర్లతో సహా, పోయినవాళ్లకు తలా ఒక పేజీ ఉండే సమాధుల వెబ్‌సైట్‌లో పెడతాడు. ఎవరో చెప్పిన పని కాదు, అదో సరదా. మొన్న ఒక ముసలావిడ అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"నన్ను చంపేసింది నువ్వేనా నాయనా?"

ఆవిడ థెల్మా. భర్త సమాధి రాతి మీద తన పేరు కూడా ముందే చెక్కించుకుంది. మరణ తేదీ కనిపించకపోతే అరిగిపోయిందనుకుని, ఆవిడనీ పోయినవాళ్లలో చేర్చేశాడు నెవిల్.

"క్షమించండమ్మా, ఇప్పుడే తీసేస్తాను," అని ఫోన్ అందుకున్నాడు.

ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. "ఆగు. ఏళ్ల తరబడి మాటల్లేని మా చెల్లెలు నా పేజీలో పూల బొమ్మ పెట్టింది. 'అక్కా, తప్పు నాదే' అని రాసింది."

"పాపం, మీరు పోయారనుకుని ఆవిడ ఏడుస్తూ ఉంటారేమో?"

"ఏడవనీ, ఈ ఒక్క రాత్రికి. రేపు నేనే ఫోన్ చేసి తిడతాను," అంది థెల్మా కళ్లు తుడుచుకుంటూ.