నేను రాసిన బావి

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇరవై ఆరేళ్ళు జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పాను. ఆధారం లేనిది నమ్మొద్దని పిల్లలకు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. అమ్మ పోయినప్పుడు పిండం కాకి ముట్టలేదని చుట్టాలంతా గుసగుసలు పోతుంటే, ఈ ఎండకు కాకులే లేవు, ఇంకేం ముడతాయని విసుక్కున్నవాణ్ణి. ఇప్పుడు ఇది చెబుతున్నది కూడా ఎవరినో నమ్మించడానికి కాదు. అంత ఓపిక లేదు నాకు. చాలా ఏళ్ళుగా మోస్తున్నాను, అలిసిపోయాను, అంతే.

తొంభైల చివర్లో సంగతి. అనంతపురంలో ఒక చిన్న వారపత్రిక ఉండేది, తర్వాత మూతపడింది. అందులో నేను వారం వారం ఒక యాత్రా వ్యాసం రాసేవాణ్ణి. పూర్వం పామిడి నుంచి బళ్ళారికి బట్టల మూటలు వేసుకుని ఎద్దుల బండ్లు పోయే దారి ఒకటుండేదట. వజ్రకరూరు, ఉరవకొండ, కణేకల్లు దాటి, హగరి ఏటి ఇసకలో పడి అవతలికి వెళ్ళేవారట. ఆ దారి పట్టుకుని కాలినడకన పోయి, ఊరూరా ముసలివాళ్ళను అడిగి రాయాలని నా ఆశ.

నాకు చిన్నప్పటి నుంచీ ఎడారి ప్రయాణాల పిచ్చి. వందల ఏళ్ళ కిందట ఒంటెల మీద ఎడారులు దాటినవాళ్ళు రాసుకున్న పుస్తకాలు జిల్లా గ్రంథాలయంలో ఏవున్నా వదిలేవాణ్ణి కాదు. ఎక్కడ బావి ఉంది, ఎక్కడ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, ఏ మజిలీలో ఎవరు చచ్చిపోయారు, ఇవే ఆ పుస్తకాల నిండా. మన జిల్లాలోనూ ఎడారి ఉందంటే బయటివాళ్ళు నవ్వుతారు. హగరి ఒడ్డున నిలబడి చూస్తే నవ్వరు. గాలికి ఇసక లేచి దిబ్బలు కట్టి, ఏటేటా పొలాల మీదికి జరుగుతూ వస్తుంది. విత్తిన చేనును వదులుకుని ఇల్లు మార్చుకున్నవాళ్ళు ఉన్నారు అక్కడ.

ఉరవకొండ దాకా నిజంగానే నడిచాను. అప్పటిదాకా రాసినదంతా కళ్ళతో చూసిందే. ఉరవకొండ చేరేసరికి మడమ బొబ్బలెక్కి పగిలింది. సెలవులు అయిపోయాయి. మార్చిలోనే ఎండ మాడ్చేస్తోంది. బస్టాండులో ఒక సోడా తాగి, బెంచీ మీద కాసేపు కూర్చుని, అనంతపురం బస్సు ఎక్కేశాను. మిగతా దారంతా ఇంట్లో కుర్చీలో కూర్చునే నడిచాను.

పుస్తకాల్లో చదివిన ఎడారులన్నీ కలిపి హగరి ఇసకను వర్ణించాను. ఎడారి అన్నాక ఒక బావి ఉండాలి కదా. మూడో దిబ్బ దాటాక రాతికట్టు చేదబావి ఒకటి ఉందని, పక్కన పశువులకు రాతి తొట్టి ఉందని, నీళ్ళు కొబ్బరి నీళ్ళలా తియ్యగా ఉన్నాయని రాశాను. రాస్తూ రాస్తూ ఆ బావి దగ్గర ఒక ఆడమనిషిని కూడా నిలబెట్టాను. ఆమె మా అమ్మే.

మాది సోమందేపల్లె. ఎండాకాలం మా ఇంటి ముందు దారిన పోయేవాళ్ళు ఎవరు ఆగినా అమ్మ నీళ్ళు పోసేది. వెంటనే పోసేది కాదు. కాళ్ళు కడుక్కోమనేది, చేతిలో బెల్లం ముక్క పెట్టేది, అది కరిగాకే దోసిట్లో నీళ్ళు వంచేది. ఆమెది పుట్టు ఎడమచేతి వాటం. ఎడం చేత్తో ఏదీ ఇవ్వకూడదు కదా మనవాళ్ళలో. నీళ్ళు అసలే ఇవ్వకూడదు. కుడి చేత్తో పోస్తే చెంబు వణికి సగం కింద పోయేవి. కరువు సీమలో నీళ్ళు కింద పోయడమా, ఎడం చేత్తో పోయడమా అంటే ఆమె రెండోదే ఎంచుకుంది. అందుకని ప్రతి మనిషికీ ముందే చెప్పేది. "ఎడం చేత్తో పోస్తాండా, ఏమనుకోవాకప్పా."

ఆ మాటతో సహా ఒక పేజీ రాశాను. తెల్లారి చదివితే సిగ్గేసింది. నేను అడుగుపెట్టని చోట, లేని బావి దగ్గర, చచ్చిపోయిన తల్లిని నిలబెట్టి అబద్ధానికి సాక్ష్యం చెప్పిస్తున్నానే అనిపించింది. ఆ పేజీ చింపి పొయ్యిలో వేశాను. నా భార్య కూడా దాన్ని చూడలేదు. పత్రికలో వచ్చింది బావి, తొట్టి, తియ్యటి నీళ్ళు మాత్రమే. మనిషి లేదు.

పామిడిలో ఒక శెట్టిగారు ఉండేవారు. బట్టల వ్యాపారం, డెబ్బై దాటిన మనిషి. నా ప్రతి వ్యాసానికీ ఒక కార్డు ముక్క రాసేవారు. ఆయన తాత ఆ దారిలో బండి తోలాడట. తాత ఇసక దాటిన చోట తానూ ఒక్కసారి కాలు పెట్టి రావాలని ఆయన కోరిక. ఒకరోజు పనిమీద అనంతపురం వచ్చి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పత్రిక కత్తిరింపులు అట్టకు అంటించుకుని ఉన్నారు. బావి ఉన్న చోట వేలు పెట్టి, "ఈ బావి ఇప్పుటికీ ఉండాదా సార్?" అని అడిగారు.

ఉందని చెప్పాను. అంత ఆశగా అడిగేసరికి లేదనడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, నన్ను అంత పెద్ద యాత్రికుడిగా చూస్తుంటే ఆ గౌరవం పోగొట్టుకోవాలనిపించలేదు.

ఏప్రిల్లో ఒక ఉదయం ఆయన కొడుకు డ్రైవరుతో జీపు వేసుకుని వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాయన మొన్న ఇంట్లో చెప్పకుండా బయల్దేరాడని, కణేకల్లులో తెలిసినవాళ్ళ ఇంట్లో పడుకుని నిన్న పొద్దున ఇసక దారి పట్టాడని, మళ్ళీ కనిపించలేదని చెప్పాడు.

"ఆయప్ప మీరు రాసిన బావి కాడికే పోయింటాడు సార్. అది యాడుండాదో చూపీండి, చాలు."

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. "ఆడ బావి లేదప్పా" అన్నాను.

"ఎండిపోయిందా సార్?"

"ఎండిపోవడం కాదు. ఎప్పుడూ లేదు. నేను ఆ దారిలో పోలేదు. ఇంట్లో కూర్చుని రాసినాను."

అతను నన్ను కొట్టి ఉంటే బాగుండేది. "చదువుకున్నోడివి కదప్పా నువ్వు" అన్నాడు. సార్ పోయి నువ్వు వచ్చింది. ఆ తర్వాత జీపు ఎక్కమని చెయ్యి చూపించాడు.

కణేకల్లు దాటాక ఒక టీ కొట్టు. ఆ కొట్టతను శెట్టిగారిని గుర్తుపట్టాడు. "ఒగ బాటిలు నీళ్ళతో పోతాండాడు. ఇంగొగటి తీస్కో పెద్దాయనా అంటి. ముందర బావి ఉండాది, పేపర్లో రాసినారు అని చూపిచ్చినాడు." ఒక ముసలాయన నా అక్షరం నమ్మి నీళ్ళు వద్దన్నాడు.

అక్కడి రైతు ఒకాయన దారి చూపిస్తానని మాతో వచ్చాడు. జీపును ఇసకలో దిగబడే చోట డ్రైవరుకు వదిలేసి నడిచాం. మూడో దిబ్బ అని రాశాను నేను. అక్కడ దిబ్బలకు లెక్కే లేదు. ఒకటి ఎక్కితే అటువైపు నాలుగు కనిపిస్తాయి. చెప్పులోంచి ఇసక కాలుస్తోంది. మేము ముగ్గురం రెండు క్యాన్లు నీళ్ళతో వెళ్ళాం, మధ్యాహ్నానికి ఒకటి ఖాళీ అయింది. ఆ వయసు మనిషి ఒక్క సీసాతో ఇక్కడ ఒక పగలూ ఒక రాత్రీ గడిపి రెండో పగట్లో పడ్డాడు. బతికున్నవాడి కోసం వెతుకుతున్నట్టు నాకు అనిపించలేదు. కొడుక్కీ అలాగే ఉందని అతని నడక చూస్తే తెలుస్తోంది.

రైతును మళ్ళీ మళ్ళీ అడిగాను, చుట్టుపక్కల ఎక్కడైనా పాత బావి ఉందా అని. లేదన్నాడు. తన తాత కాలంలోనూ విన్లేదన్నాడు. తన బోరు కూడా ఎండిపోయిందని, ఊళ్ళోకి ట్యాంకరు తోలుతున్నారని చెప్పాడు. "ఇసక కింద ఏముండాదో మాత్రం ఎవురికి తెలుసప్పా" అని ఆఖరున ఒక మాట అన్నాడు.

మూడు గంటలప్పుడు కొడుకు కేక వేశాడు. ఒక తుమ్మచెట్టు కింద, కాస్తంత నీడలో, శెట్టిగారు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. అట్ట ముక్క ఒళ్ళో ఉంది. మమ్మల్ని చూసి నవ్వారు. కొడుకు ఆయన మీద పడి ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

చూసింది చూసినట్టు చెబుతాను. ఆయన తలమీద తువ్వాలు తడిగా ఉంది. నేనే చేత్తో పట్టుకుని చూశాను, పిండితే నీళ్ళు కారేంత తడి. ఆ ఎండలో తడిగుడ్డ పావుగంట నిలవదు. పక్కన సీసా మూత దాకా నిండుగా ఉంది. పెదాలు పగల్లేదు. ఉరవకొండలో డాక్టరు చూసి వడదెబ్బ ఛాయలేవీ లేవని, బీపీ కూడా బాగుందని అన్నాడు.

సీసాలో నీళ్ళు రుచి చూద్దామని అనుకున్నాను. దారిలో జీపు ఇంజను కాగిపోతే, డ్రైవరు అందిన సీసా అందుకుని రేడియేటర్లో పోసేశాడు. ఉన్న ఒక్క ఆధారం అలా ఆవిరైపోయింది. చరిత్ర మాస్టరుకు ఇంతకన్నా తగిన శాస్తి ఏముంటుంది?

ఆసుపత్రి వరండాలో శెట్టిగారి పక్కన కూర్చుని ఉన్నదంతా ఒప్పుకున్నాను. బావి లేదు, నేను అబద్ధం రాశాను, మీ ఎదుటే అబద్ధం చెప్పాను, కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. ఆయన నాకేసి జాలిగా చూశారు. ఎండదెబ్బ నాకు తగిలిందనుకున్నారు కాబోలు.

"లేకపోవడమేంది సార్, తాగొస్తి కదా. నువ్వు రాసినట్లే తొట్టి గూడా ఉండాది. ఆయమ్మను మాత్రం నువ్వు రాయలేదు."

ఏ అమ్మ అని అడిగాను.

"నీళ్ళు పోసినామె. కాళ్ళు కడుక్కోమనె. బెల్లం పెట్టె. ఎడం చేత్తో పోస్తాండా, ఏమనుకోవాకప్పా అనె. నీళ్ళిచ్చే చెయ్యికి కుడేంది ఎడమేంది తల్లీ అంటి."

నేను లేచి వరండా చివరికి వెళ్ళి కొళాయి కింద తల పెట్టాను.

ఆ తర్వాత నాకు తోచిన కారణాలన్నీ వేసి చూసుకున్నాను. ఎవరో మేకల కాపరి ఆమె నీళ్ళిచ్చి ఉండవచ్చు. లోకంలో ఎడమచేతి వాటం మనుషులు బోలెడుమంది. బెల్లం పెట్టే అలవాటు మా సీమంతా ఉంది. దాహానికి మనిషికి బుర్ర చెదిరి చదివిందే కళ్ళముందు కనపడి ఉండవచ్చు. ఒక్కొక్కటీ విడివిడిగా నిలబడుతుంది. అన్నీ కలిపితే ఆ తడి తువ్వాలు దగ్గర కూలిపోతాయి. పొయ్యిలో వేసిన పేజీ దగ్గర ఇంకా ఘోరంగా కూలిపోతాయి.

ఆ బావి కల్పితమని పత్రికకు రాసి పంపాను. వేసుకోలేదు. నేనూ రాయడం మానేశాను.

రెండు వేల ఒకటో రెండో, శెట్టిగారికి జబ్బు చేసిందంటే పామిడి వెళ్ళాను. అంగట్లోనే మంచం వేయించుకుని పడుకుని ఉన్నారు. చాలా చిక్కిపోయారు. మాట్లాడుతూ మాట్లాడుతూ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఒగ మాట నీకు చెప్పల్లా వద్దా అని ఇన్నాళ్ళూ చూస్తాండా సార్. పేపరు చూపిచ్చి, ఈ సారు రాసినాడు, అది చూసి వచ్చినా అని ఆయమ్మకు చెప్తి. రాసినాయప్ప రాలేదా అని అడిగె. వస్తాడులేమ్మా అంటి."

"ఏమన్నారామె?"

"ఇప్పుడొద్దు, ఎండ తగ్గినాక రమ్మను అనె."

నెల తిరక్కుండానే శెట్టిగారు పోయారు. కొడుకు కబురు చేస్తే వెళ్ళాను. నేను బయల్దేరేటప్పుడు అతను కత్తిరింపులు అంటించిన ఆ అట్ట ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు.

చిన్నప్పుడు సెలవుల్లో నేను బయటికి పరుగెత్తబోతే అమ్మ వెనకనుంచి అనే మాట కూడా అదే, ఎండ తగ్గినాక పో అని. అందరి అమ్మలూ అంటారు. అదొక ఆధారం కాదని నాకు తెలుసు.

ఇప్పుడు రిటైరయ్యాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఏటా ఎండలు తగ్గాక ఒకసారి హగరి దాకా పోయి రావాలనుకుంటాను. కార్తీకం వస్తుంది, పోతుంది. ఒక ఏడు కణేకల్లు దాటి వెళ్ళి, ఆ టీ కొట్టులో టీ తాగి, వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చేశాను. బావి కనపడదని భయమో, కనపడుతుందని భయమో నాకే తెలియదు. ఆ నీళ్ళు ఎక్కడివో, పోసింది ఎవరో ఈ రోజుకీ చెప్పలేను. వస్తానని నా తరఫున శెట్టిగారు మాట ఇచ్చి వచ్చారు. నేను ఇంకా వెళ్ళలేదు.