పంతొమ్మిదో తేదీ ముద్ర

నగరం చివర ఉన్న ఆ పోస్టాఫీసుకు నేను రెండోసారి వెళ్లింది ముప్పయ్యో తేదీ, మంగళవారం. మొదటిసారి వెళ్లి అప్పటికి రెండేళ్ల మూడు నెలల పదకొండు రోజులు. ఆ కాలమంతా నాకు కుదురు లేదు. ఆల్బమ్ తీయడం, ఒక్క పుట దగ్గర ఆగడం, మూయడం. కాఫీ కలుపుకుని తాగడం మరిచిపోవడం.

కొన్ని పోస్టాఫీసుల్లో మామూలు ముద్రతో పాటు ఆ ప్రాంతపు జంతువో, గుడో, కోటో చెక్కిన బొమ్మ ముద్ర ఒకటి ఉంటుంది. అడిగితే మన కార్డు మీది స్టాంపుపై వేసి ఇస్తారు. బొమ్మతో పాటు ఆనాటి తేదీ పడుతుంది. నా దగ్గర అలాంటివి అరవై నాలుగున్నాయి. వంకరవి, మసకవి, తేదీ చదవరానివి నేను ఉంచుకోను.

మొదటిసారి నాతో వచ్చింది నా స్నేహితురాలు. చిక్కపేటలో చీరల కొట్టు వాళ్లది. నాకన్నా పదేళ్లు చిన్నది. ముద్రల పిచ్చి దానికి అంటించింది నేనే. ఆ పంతొమ్మిదో తేదీకి దానికి అరవై నిండాయి. చీర వద్దు, కేకు వద్దు, ఆ పోస్టాఫీసులో వేసే దేవాంగపిల్లి ముద్ర కావాలంది. గుండ్రటి కళ్ల ఆ చిన్న జంతువును కన్నడంలో కాడుపాప అంటారు. ‘అరవై ఏళ్ల పాపకు అడివి పాప’ అని బస్సులో అందరూ వినేలా నవ్వింది.

ఒకటి మళ్లీ వేయించాక, రెండు కార్డుల మీదా ముద్ర చక్కగా పడింది. అంతలో తిరుగు బస్సు కనబడింది. అది ‘ఆరనివ్వు అక్కా’ అంటున్నా వినకుండా దాని కార్డు మీద నా కార్డు పెట్టి సంచిలో తోశాను. ఇంటికొచ్చి చూస్తే దాని కార్డులో కళ్లు, తేదీ కలిసి ఒక నల్లటి మరక. తప్పు నాదే. నేనన్నది మాత్రం, “ఆరనివ్వమని నువ్వు గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇది ఇంక ఆల్బమ్‌లో పెట్టడానికి పనికిరాదు” అని. అది కార్డు తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ నా గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఇప్పుడు వెళ్లింది ఇంకో జత వేయించుకుందామని. ఏ తేదీ వేయించినా అది అరవయ్యో పుట్టినరోజు కాదని తెలుసు. ఇంట్లో కూర్చోలేక వెళ్లాను.

కౌంటర్లో ఆనాడు ముద్ర వేసిన అమ్మాయే. నన్ను చూడగానే, “మీరేనా అమ్మా? ఆ పొద్దు సీలు అర ఇంచి పక్కకి పడిందని కొట్లాడింది?” అంది.

“పావు ఇంచి,” అన్నాను.

నవ్వుతూ డబ్బా తీసి, దుమ్ము ఊది, మొదటి కార్డు మీద వేసింది. భూతద్దం పెట్టి చూశాను. కళ్లు స్పష్టంగా ఉన్నాయి. కింద తేదీ పంతొమ్మిది. ఆ నెలే, ఆ సంవత్సరమే.

“తేదీ మార్చలేదే?”

“అయ్యో! ఈ సీలు ఎవరూ అడగరమ్మా. మీరు పోయినాక లోపల పెట్టింది, ఈ పొద్దే తీసినా.” తేదీ అంకెలు మార్చి రెండో కార్డు మీద వేసింది. “ఆ మొదటిది ఇట్లా ఇయ్యండి, చింపేస్తా. మీరు తప్పు తేదీ ఉంచుకోరు కదా.”

నేను ఇవ్వలేదు. కార్డులు విడివిడిగా రెండు కవర్లలో పెట్టుకుని బయటికొచ్చాను. బస్సులో రెండుసార్లు సీటు మారాను. పెన్సిల్ తీసి మొదటి కార్డు వెనక, ‘ముద్ర వేసింది ముప్పయ్యో తేదీన. పొరపాటున పాత తేదీ పడింది’ అని రాశాను. ఇంటికి పోకుండా చిక్కపేటలో దిగాను.

కొట్టులో అది చీరలు మడత పెడుతోంది. “ఏం అక్కా, దోవ తప్పినావా?” అంది, తలెత్తకుండానే.

కార్డు ముందు పెట్టాను. ముద్ర చూసింది, తేదీ చూసింది. చెయ్యి ఆగింది. తిప్పి వెనక రాసింది చదివింది.

“అంటే దొంగదా?”

“తేదీ ఒక్కటే తప్పు.”

“నువ్వు ఇట్లాంటివి పెట్టుకోవు కదా?”

“పెట్టుకోను.”

“మరి నాకెందుకు ఇస్తాండావు?”

“నీ కార్డు పాడు చేసింది నేను కాబట్టి.”

అన్నాళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అది కార్డును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. “బో ముద్దుగా ఉండాది,” అంది. “వెనకాల రాసింది చెరిపెయ్. తీసుకుంటా.”

సంచిలోంచి రబ్బరు తీశాను. కార్డు వెనక ఆనించాను కూడా. చెయ్యి కదల్లేదు. “నా వల్ల కాదు. కావాలంటే నువ్వే చెరుపుకో,” అని రబ్బరు గల్లాపెట్టె మీద పెట్టాను.

అది కార్డును, రబ్బరును సొరుగులో వేసి మూసింది. “గిరాకీ ఉండాది ఇప్పుడు. రేపు వచ్చి నీ రబ్బరు తీసుకుపో.”

“ఎన్ని గంటలకి?”

“చూడప్పా ఈయమ్మని!” అంది, చీరల బేరంలో ఉన్న ఆమె వైపు తిరిగి. “అన్నిటికీ తేదీ, టైము కావల్ల!”