చప్పిడమ్మ నాలుక

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ తెలియదు. వార్డు ఆయాల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆవిడ చప్పిడమ్మే. గుండెజబ్బు వాళ్లకీ, కిడ్నీలు పాడైనవాళ్లకీ, రక్తపోటు వాళ్లకీ ఉప్పు లేకుండా వండి పెట్టేది ఆవిడ. ఆ పేరు పెట్టినవాళ్లు వెటకారానికే పెట్టారు గానీ ఆవిడ నొచ్చుకోలేదు. నొచ్చుకోవడానికి తీరిక ఉంటే కదా! తెల్లారకుండా పొయ్యి ముందు నిలబడితే మధ్యాహ్నం గిన్నెలు కడిగేదాకా నడుం వాల్చే పని లేదు.

ఆ వంటగదికి ఆవిడ వచ్చిన దారి కూడా సుఖమైంది కాదు. పెళ్లయిన కొత్తలోనే మొగుడు కిడ్నీ జబ్బుతో అదే ఆసుపత్రిలో పడ్డాడు. చప్పిడి కూడు చూస్తే చాలు, మొహం గోడవైపు తిప్పేసేవాడు. "ఇదిగో, నేనూ అదే తింటున్నా. నేనేమైనా చచ్చానా?" అని మంచం పక్కన కూర్చుని, తనొక ముద్ద తిని ఆయనకొక ముద్ద పెట్టేది. చివరికి ఆ మనిషి పోయాడు, ఆ తిండి అలవాటు మాత్రం పోలేదు. చంటిపిల్లని చంకనేసుకుని దిక్కులు చూస్తున్న ఆవిడ మీద హెడ్ నర్సు జాలిపడి వంటగదిలో పెట్టించింది. అప్పట్నుంచీ ఆవిడ వండిందీ అదే, తిన్నదీ అదే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ చెయ్యి మంచిది. వెల్లుల్లి దోరగా వేయించి, మిరియాలు అప్పటికప్పుడు దంచి, దించే ముందు నిమ్మకాయ పిండి, ఉప్పు లేని కూరని కూడా మనిషి నోట్లో పెట్టుకునేలా చేసేది. అన్నం ముట్టనని మొండికేసిన రోగులు ఆవిడ గరిట పట్టుకుని వార్డులోకి వస్తే లేచి కూర్చునేవాళ్లు.

ఆవిడకి ఉన్న ఒక్కగానొక్క స్నేహితురాలు లాండ్రీ వదిన. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఉతికించే గదికి పెద్దదిక్కు. ఎవరికి వదినో ఎవరికీ గుర్తులేదు, ఊరందరికీ వదినే. తిండి గురించి మాట్లాడటం మొదలుపెట్టిందంటే ఎవరూ ఆపలేరు. ఎక్కడెక్కడ ఏం దొరుకుతుందో, ఏది ఎలా నంజుకోవాలో నోరూరేలా చెప్పేది. ఒంటరి మనిషి. ఒక్కదాని కోసం పొయ్యేం వెలిగిస్తానని మధ్యాహ్నం చప్పిడమ్మతో కలిసి వంటగది అరుగు మీదే తినేది, రాత్రికి ఇంత గిన్నెలో పెట్టించుకుని వెళ్లేది. ఇది ఒకరోజు మాట కాదు, ఏళ్ల తరబడి మాట.

ఇలా నడుస్తున్న బతుకు మీద రాయి పడింది. ఇక నుంచి రోగుల భోజనం బయటి కంపెనీ తెస్తుందనీ, మూతలు అంటించిన ప్లాస్టిక్ పళ్లేల్లో వస్తుందనీ, ఈ నెలతో వంటగది మూసేస్తున్నామనీ చెప్పారు. చెప్పినాయన మంచివాడే, తలొంచుకునే చెప్పాడు. తలొంచుకుంటే మాత్రం పొయ్యి వెలుగుతుందా? కూతురు ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. పని ఉన్న రోజు ఉంది, లేని రోజు లేదు. ఇల్లు నడిచేది చప్పిడమ్మ జీతం మీదే. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారని ఆవిడ రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

కబురు వదినే తెచ్చింది. వాళ్ల తమ్ముడు పట్నంలో ఒక పెద్ద భోజనశాలకి కూరగాయలు వేస్తాడు. అక్కడ వంటమనిషి కావాలి. ఆదివారం సాయంత్రం వచ్చి ఒక కూర వండి చూపించమన్నారు.

"శనివారం పొద్దున్నే పోదామే పిల్లా. రెండు రోజులు పట్నమంతా తిరిగి తిందాం. వాళ్ల రుచేంటో నీ నోటికి పట్టించుకో. నేను లేనా పక్కన?" అంది వదిన. చప్పిడమ్మ కష్టం సంగతి అటుంచి, పట్నం తిండి అనేసరికి వదిన మొహం వెలిగిపోయిందంటే అబద్ధం కాదు.

బయల్దేరే ముందు కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చిన్నప్పట్నుంచీ ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుని తినేది. దీని నోరు పాడైందని తల్లి బెంగపడేది.

"అమ్మా, కోప్పడకు. పాడైంది నా నోరు కాదు, నీదే. ఉప్పు నీ నాలుకకి తెలీదు. అక్కడ దించే ముందు ఎవరిచేతైనా రుచి చూపించు. ఈ ఒక్కమాట విను."

చప్పిడమ్మకి కోపం రాలేదు, భయమేసింది. ఆ భయం బస్సులో వదినకి చెప్పుకుంది. వదిన తేలిగ్గా తీసిపారేసింది. "ఇంతేనా? నా నాలుక అరువిస్తా. తినడంలో నన్ను మించినవాళ్లుంటే చూపించు."

బస్సు దిగి మొదట ఒక ఇరుకు సందులో, గోడకి మసి పట్టిన కొట్లో కూర్చున్నారు. రొట్టె, మిరియాలు చల్లిన గుడ్లు తెచ్చిపెట్టాడు. చప్పిడమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నీళ్ల గ్లాసు అందుకుంది. తల ఎత్తి చూస్తే వదిన కూడా గ్లాసు ఎత్తి గడగడా తాగుతోంది.

"వీడి చెయ్యి జారినట్టుందే," అంది వదిన మూతి తుడుచుకుంటూ.

రెండో చోట చేప వేయించి ఇచ్చారు. అక్కడా అంతే. మార్కెట్ పక్కన బండి దగ్గర నూడుల్స్ తిన్నారు, అదీ అంతే. జనం బండి చుట్టూ మూగి లొట్టలేసుకుంటూ తింటున్నారు. వీళ్లిద్దరూ ప్లేట్లు సగం సగం వదిలేసి నీళ్ల కుండ కోసం వెతుక్కున్నారు. "ఊరు ఊరంతా చెయ్యి జారిందేమిటే పిల్లా! పట్నంలో ఉప్పు ఊరికే ఇస్తున్నారా ఏంటి?" అని వదిన బండివాడికి వినపడేలాగే అంది. బండివాడు వీళ్లని ఎగాదిగా చూశాడు. చప్పిడమ్మకి నవ్వొచ్చింది. వంటగది మూస్తారన్న కబురు విన్న తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు, ఆ ప్రయాణంలో అదే ఆఖరు.

ఆ రాత్రి తమ్ముడి ఇంట్లో, ముందుగదిలో చాప మీద పడుకుని ఆవిడ లెక్కలేసుకుంది. అందరికీ బావుండి తనకి ఎక్కువనిపిస్తోందంటే కూతురు చెప్పింది నిజమే. మరి వదినకి కూడా ఎక్కువనిపించిందే? వదినకి తిండి తెలుసు. అయితే నిజంగా ఎక్కువే అయ్యుంటుంది. పట్నంవాళ్లు కాస్త ఎక్కువ తింటారు కాబోలు, మనం మధ్యస్తంగా పోవాలి అనుకుంది. మనసు ఎక్కడో ఒకచోట కుదుటపడాలి కదా, అక్కడ పడింది. ఆదివారం కూడా అవే సందులు, అవే బల్లలు, అవే నీళ్లు.

సాయంత్రం భోజనశాల వెనకగుమ్మం ముందు నిలబడి ఆవిడ తొంగి చూసింది. లోపల పొయ్యిలు వరసగా మండుతున్నాయి. పెద్ద వంటాయన బక్కగా, పొడుగ్గా ఉన్నాడు, మాట మెత్తన. బంగాళాదుంప వేసి కోడికూర వండమన్నాడు. సరుకులు చూపించి తన పనిలో పడిపోయాడు. వదినని లోపలికి రానివ్వలేదు, గుమ్మంలో స్టూలు వేసి కూర్చోబెట్టారు.

గరిట చేతిలోకి రాగానే భయం పోయింది. ఉల్లిపాయలు తరిగే వేగం చూసి పక్క పొయ్యి దగ్గర మనిషి తన పని ఆపి మరీ చూశాడు. వెల్లుల్లి దోరగా వేగింది, మాంసం మెత్తగా ఉడికింది, పులుసు చిక్కబడింది. ఇక మిగిలింది ఉప్పు.

డబ్బాలో చెయ్యి పెట్టింది. ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఉప్పు డబ్బాలోకి వెళ్లింది లేదు. కొంచెం వేసి చూసింది, ఇంకొంచెం వేసి చూసింది. నాలుకకి ఎక్కువనిపించింది. కూతురు మాట గుర్తుచేసుకుని, గుండె చిక్కబట్టుకుని, మరో నాలుగు చిటికెలు వేసింది. ఈసారి రుచి చూస్తే నిన్నటి చేపా, నూడుల్సూ గుర్తొచ్చాయి. ఇదే, వీళ్లకి కావలసింది ఇదే అనిపించింది. అయినా ధైర్యం చాల్లేదు. గిన్నెలో ఇంత పట్టుకుని గుమ్మం దగ్గరికి పరిగెత్తింది.

వదిన నోట్లో పోసుకుని మొహం చిట్లించింది. "అయ్యయ్యో, ఉప్పు కషాయం చేశావేంటే! నీళ్లు పొయ్యి, ఇంకో రెండు దుంపలు పడెయ్. త్వరగా!"

చప్పిడమ్మ నీళ్లు పోసింది. దుంపలు వేసింది. మళ్లీ తెచ్చి చూపించింది. వదిన కళ్లు మూసుకుని చప్పరించి, "ఇప్పుడు కుదిరింది. ఒక్క రవ్వ కూడా ముట్టుకోకు, దించెయ్," అంది. ఆ మాటతో చప్పిడమ్మకి కొండంత బలం వచ్చింది.

పెద్ద వంటాయన చెంచాతో పులుసు తీసుకున్నాడు. తర్వాత ముక్క తిన్నాడు. మళ్లీ పులుసు తీసుకున్నాడు. చెంచా పక్కన పెట్టి ఆవిడ వైపు జాలిగా చూశాడు.

"అమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోదా?"

ఆవిడ గరిట పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"చెయ్యి మంచిదమ్మా. నేనీమధ్య ఇంత బాగా వేగిన వెల్లుల్లి తినలేదు. కానీ ఇది మంచంలో ఉన్నవాళ్లకి పెట్టే కూర. మిగతాది ఏదైనా నేర్పిద్దును గానీ, నాలుకని నేనెలా నేర్పను? ఏమీ అనుకోకండి." వండిన కూర వడ్డనకి పనికిరాదు కాబట్టి, అన్నంతో పాటు స్టీలు క్యారేజీలో సర్ది ఆవిడ చేతికే ఇచ్చి పంపించాడు.

వదిన గుమ్మంలోనే ఉంది, అన్నీ వింది. బస్టాండు దాకా ఇద్దరూ నడిచారు. బల్ల మీద కూర్చున్నాక వదిన అంది.

"నేనే కదే నీళ్లు పొయ్యమంది."

చప్పిడమ్మ క్యారేజీ ఒళ్లోకి తీసుకుంది.

"నీకు కుదిరిందే. నువ్వు కుదుర్చుకున్నావు. నేను చెడగొట్టాను. రోజూ నీ చేతిదే తిన్నదాన్ని, నా నోరు మాత్రం ఎక్కడుంటుందే? నాకెందుకు తట్టలేదు?"

"నాకు తట్టిందా వదినా?"

చప్పిడమ్మకి కోపం వచ్చింది. ముందు వదిన మీద వచ్చింది. తర్వాత, మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్న ఆ మొగుడి మీద వచ్చింది. ఆ రోగులంతా కోలుకుంటే చాలని తన నాలుకని పొయ్యిలో పెట్టుకుంది, వాళ్లు కోలుకుని ఇళ్లకి పోయి ఉప్పేసుకుని తింటున్నారు. ఎవరి మీద పడి ఏడవాలో ఆవిడకి తెలియలేదు. ఇంటికెళ్లి కూతురికి ఏం చెప్పాలో అంతకన్నా తెలియలేదు. ఇంకో చోటికి వెళ్లినా ఇంతే కదా. ఎక్కడికెళ్లినా ఇంతే.

కడుపులో ఆకలి కరకరలాడింది. రెండు రోజులుగా ప్లేట్లు సగం వదిలేసి నీళ్లతో నింపుకున్న కడుపులు అవి. చప్పిడమ్మే క్యారేజీ విప్పింది. మూత మీద వదినకి పెట్టి, తను గిన్నెలోంచి కలుపుకుంది.

ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఇంకో రవ్వ అక్కర్లేదు, ఒక్క రవ్వ తియ్యక్కర్లేదు. ఇంత బాగా కుదిరిన కూర తన చేతుల మీదుగా ఎప్పుడూ దిగలేదు. పక్కకి చూస్తే వదిన ముద్ద పట్టుకుని ఆవిడ వైపే చూస్తోంది, ఏమనాలో తెలియక భయపడుతూ.

"ఎలా ఉంది వదినా?"

"బావుందే," అని వదిన బావురుమంది.

"నాక్కూడా బావుంది," అంది చప్పిడమ్మ. ముద్ద మీద ముద్ద తింటూనే ఉంది. ఇంక తన చేతి వంట బావుందనేవాళ్లు ఈ లోకంలో ఎదురుగా కూర్చుని ఏడుస్తున్న ఈ ఒక్క మనిషేనని ఆవిడకి అర్థమైంది.